మా పాత ఇంట్లో ఫైర్‌ప్లేస్ మూయించిన అనుభవం

మా హాల్లో ఒక ఫైర్‌ప్లేస్ ఉంది. ఈ పాత ఇల్లు మా చేతికి వచ్చాక అందులో ఒక్కసారి కూడా మంట వేయలేదు, మా ముందువాళ్లు కూడా చాలా ఏళ్లుగా వేయలేదట. చుట్టూ రాతి చట్రం, పైన మందపాటి చెక్క పలక, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చలికాలం వస్తే ఆ గదిలో కూర్చోలేకపోయేవాళ్లం. అత్తయ్య కుర్చీ దానికి ఎదురుగానే ఉంటుంది. "అమ్మాయ్, ఆ పొయ్యిగూట్లోంచి చలి కొడుతోంది, ఏదైనా అడ్డం పెట్టించండి" అని రోజుకోసారైనా అనేవారు. వానాకాలంలో ఇంకో బాధ, తడిసిన మసి వాసన. ఆరిన పొయ్యిలో నీళ్లు పోస్తే వచ్చే వాసనకి కాస్త తారు కలిసినట్టు ఉంటుంది. కర్టెన్లకీ దిండ్లకీ పట్టిందంటే ఒక పట్టాన వదలదు.

ఈ పని గురించి వివరంగా రాయడానికి కారణం ఉంది. మేం మొదట చేసిన పనే చాలామంది చేస్తారు, దానివల్ల మా పై గది గోడ పాడైంది. రెండోసారి చేయించేటప్పుడు అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి కొద్దిలో తప్పింది.

మొదట చేసింది చెబుతాను. ఒక ఆదివారం మా వారూ నేనూ కలిసి రెండు పాత దుప్పట్లని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, చిమ్నీ గొంతులోకి, అంటే మంట వేసే గూటికి పైన సన్నగా మొదలయ్యే చోటికి, గట్టిగా కుక్కేశాం. నిజానికి అక్కడ ఇనుప డ్యాంపర్ ఉంది, మంట లేనప్పుడు మూసుకోడానికి పెట్టిన రేకు తలుపు. అది ఏళ్ల తరబడి వేడికి వంగిపోయి ఒక పక్క వేలు దూరేంత సందు పడింది, మూసినా మూయకపోయినా ఒకటే. గూటి ముందు ఒక ప్లైవుడ్ ముక్క నిలబెట్టి అంచుల వెంట టేపు వేశాం. ఆ రాత్రే తేడా తెలిసింది, అత్తయ్య శాలువా తీసేసి కూర్చున్నారు. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు ఆగామా అనుకున్నాం.

వానలు మొదలైన మూడు నాలుగు వారాలకి పై గదిలో, సరిగ్గా చిమ్నీ వెళ్లే గోడ మీద, తుప్పు నీళ్లు కారినట్టు గోధుమ రంగు మచ్చ కనిపించింది. పైకప్పు కారుతోందేమోనని చూపించాం, ఎక్కడా లీకు లేదు. మచ్చ మీద రంగు వేశాం. నెల తిరక్కుండా రంగులోంచి మళ్లీ బయటపడింది, ఈసారి చుట్టూ తెల్లగా ఉప్పు పొడి కూడా పేరుకుంది. మరకలు పైకి రానివ్వదని చెప్పే ప్రైమర్ కొని వేశాం, అదీ పొక్కులు లేచి పెచ్చులుగా ఊడింది. వాన లేని రోజున కూడా ఉక్కగా ఉంటే మచ్చ ముదురుగా కనిపించేది, పొడిగా ఉంటే లేతగా అయ్యేది. దాని సంగతేమిటో అర్థం కాక టెన్షన్ పట్టుకుంది.

చివరికి చిమ్నీలు శుభ్రం చేసే ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన మచ్చ వైపు ఒక్క చూపు చూసి నేరుగా కిందికి వచ్చి ప్లైవుడ్ ముందు కూర్చున్నారు.

"దీని వెనక ఏం పెట్టారమ్మా?"

చెప్పాను. టేపు పీకి, చెయ్యి పైకి పెట్టి దుప్పటి లాగారు. అది నీళ్లు కారుతూ, నల్లటి బురదతో, ఒక మనిషి ఎత్తలేనంత బరువుతో కిందపడింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు ఆయన చెప్పిన మాటలే ఈ మొత్తం పనికి ఆధారం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. మా చిమ్నీ పైన ఆకాశానికి తెరిచే ఉంది, వాన నేరుగా లోపలికి పడుతుంది. మంటలు వేసే రోజుల్లో ఆ తడిని మంటే ఆరబెట్టేది. మంటలు మానేశాక కూడా గదిలోంచి పైకి గాలి పోతూ ఉండేది కాబట్టి ఎంతో కొంత ఆరేది. మేం పైన తెరిచి వదిలేసి, కింద బిరడా బిగించాం. దిగిన వాననీళ్లు దుప్పట్లో నిలిచిపోయాయి, ఆరే దారి లేదు. కట్టెలూ బొగ్గూ కాల్చిన గొట్టం లోపల మసి, తారు, వాటితోపాటు రకరకాల లవణాలు ఇటుకకి పట్టి ఉంటాయి. తడి తగిలితే అవి కరిగి ఇటుకలోంచి ప్లాస్టర్‌లోకి వచ్చేస్తాయి. ఆ గోధుమ రంగు తారుది, ఆ తెల్ల పొడి లవణాలది. పైగా ఆ లవణాలు గాలిలోని తేమని కూడా లాక్కుంటాయి. ఉక్క రోజుల్లో మచ్చ ముదరడానికి కారణం అదన్నమాట. ఎన్ని పూతలు వేసినా అది మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఉప్పు ప్లాస్టర్ లోపలే ఉంది.

వాన పడకపోయినా పూర్తిగా బిగించేసిన చిమ్నీలో తేమ పుడుతుందని కూడా చెప్పారు. ఇంట్లోని వెచ్చటి గాలిలో ఆవిరి ఉంటుంది, అది ఏ సందులోంచో చల్లటి గొట్టంలోకి చేరి గోడకి నీటి చుక్కలుగా పడుతుంది. లోపల గాలి కదలకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

నేను అడిగాను, మరి తెరిచే ఉంచాలా, చలి సంగతేమిటి అని. ఆయన ఒక అగరుబత్తి అడిగి వెలిగించి ఫైర్‌ప్లేస్ ముందు పట్టుకున్నారు. చలిగాలి అందులోంచి మా మీదికి వస్తోంది కదా, పొగ మా వైపు రావాలి. రాలేదు. గూట్లోకి వంగి సర్రున పైకి లాగేసుకుంది. తర్వాత అదే అగరుబత్తి తీసుకెళ్లి వీధి తలుపు కింది సందు దగ్గర పెట్టారు, అక్కడ పొగ గదిలోకి కొట్టింది. వెచ్చటి గాలి తేలిక కాబట్టి చిమ్నీ దాన్ని పైకి లాగి బయటికి పంపేస్తోంది, ఆ ఖాళీ నింపడానికి తలుపు సందుల్లోంచి బయటి చలి లోపలికి వస్తోంది. అత్తయ్య కుర్చీ ఆ దారిలోనే ఉంది. ఆవిడకి చలి తగిలేది నిజమే, అది వీపు వెనక తలుపులోంచి వచ్చేది. గాలి బాగా వీచే రోజుల్లో మాత్రం పైనుంచి కూడా కిందికి తోస్తుంది. ఎండాకాలంలో మొత్తం తిరగబడుతుంది, ఇంటి లోపల చల్లగా బయట వేడిగా ఉంటే చిమ్నీలోని గాలి కిందికి దిగి మసి వాసనని గదిలోకి తెస్తుంది.

మా గొట్టం లోపలి కొలత సుమారు 22 సెంటీమీటర్లకి 22. అంటే 484 చదరపు సెంటీమీటర్ల కంత, పగలూ రాత్రీ. చలికాలమంతా ఒక చిన్న కిటికీ తీసి పెట్టి పడుకున్నట్టే.

అందుకని చేయాల్సింది ఇది: పైన వాన పడకుండా గాలి ఆడే మూత పెట్టాలి, కింద గూడు మూయాలి, మూసినచోట ఒక చిన్న జాలీ వదలాలి. జాలీ గదిలోకే ఉండాలి, బయటి గోడకి కాదు. జాలీ పెడితే మళ్లీ చలి రాదా అని మా వారు అడిగారు, నాకూ అదే అనుమానం. మేం పెట్టిన జాలీలో సందులన్నీ కలిపితే 50 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, అంటే పాత కంతలో సుమారు పదో వంతు. పైన మూత కూడా గాలిని అంత తేలిగ్గా లాగనివ్వదు. చిమ్నీ ఆరడానికి అది చాలు, గది చల్లబడడానికి చాలదు.

ఇక పని. ముందు శుభ్రం చేయించాం. ఎలాగూ మూసేస్తున్నాం కదా, మసి తీయడం దండగ అనుకోకండి, వాసనకి మూలం అదే, లవణాలకి మూలం కూడా అదే. కుర్చీలు బయటపెట్టి, మిగతావాటి మీద దుప్పట్లు కప్పి, మాస్కులు పెట్టుకున్నాం. బ్రష్షులు ఒకదానికొకటి తగిలిస్తూ పైదాకా పంపారు. ఒక బస్తా మసి, ఇంకో బస్తా పుల్లలు, పాత పక్షి గూడు. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా పని ఆపాల్సిందేనని ఆయన ముందే చెప్పారు, అందుకే గూళ్లు కట్టే కాలం దాటాక పెట్టుకున్నాం. ఒక జాగ్రత్త, ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో మసి లాగకండి. సన్నటి పొడి దాని ఫిల్టర్లోంచి బయటికి వచ్చి ఇల్లంతా పరుచుకుంటుంది. మాకు ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాం.

గూటి లోపలి రేకు విప్పితే వెనక బూడిద రంగు గట్టి బోర్డు ఒకటి బయటపడింది. పాత ఇళ్లలో పొయ్యిల దగ్గర ఆస్బెస్టాస్ కలిపిన బోర్డులు వాడేవారు, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. పెద్దాయన వెంటనే చెయ్యి తీసేసి, పరీక్ష చేయించేదాకా దాన్ని కొట్టొద్దు, కోయొద్దు, డ్రిల్ పెట్టొద్దు అన్నారు. నమూనా తీసే పద్ధతి తెలిసినవాళ్లని పిలిపించాం. ఫలితం వచ్చేదాకా ఆ గది తలుపు వేసే ఉంచాం. ఆస్బెస్టాస్ లేదని వచ్చింది. లేదని వచ్చాక కూడా ఆ కొన్నాళ్లు ఆగినందుకు నాకు ఏమాత్రం బాధ లేదు.

ఇప్పుడు అసలు భయపడిన సంగతి. చిమ్నీ పైన మూత పెట్టడానికి పైకప్పు పనివాళ్లు వచ్చారు. నిచ్చెన వేసుకుని చేసే పని కాదు, మంచె కట్టారు. పైన మూడు గొట్టాలున్నాయి. బయట నుంచి చూస్తే ఒకటే చిమ్నీ, లోపల మూడు వేర్వేరు దారులు. హాలుకి నేరుగా పైన ఉన్నది మధ్యది కాబట్టి అదే మీదని వాళ్లు మూత చేతిలో పట్టుకున్నారు. పెద్దాయన కిందనుంచి గట్టిగా ఆపి, ముందు పొగ పెట్టి చూద్దాం అన్నారు. నాకు అప్పటిదాకా తట్టనే లేదు, మా వంటింట్లో నీళ్లు కాచే గ్యాస్ హీటర్ కూడా అదే గోడలోకి పొగ వదులుతుంది.

హీటర్ ఆపేసి, కిటికీలు మూసి, హాలు ఫైర్‌ప్లేస్‌లో ఒక పొగ బిళ్ల వెలిగించారు. తెల్లటి పొగ దట్టంగా పైకి వెళ్లింది. పైనున్నవాళ్లు చెప్పిన మాట, "మధ్యదాంట్లో రాలేదండీ, ఎడమ చివరదాంట్లో వస్తోంది." గొట్టాలు గోడలో నిటారుగా వెళ్లవు, ఒకదాన్ని తప్పించుకుంటూ ఇంకోటి వంకర తిరుగుతాయి. మధ్యది హీటర్‌ది. దాన్ని మూసేసి ఉంటే, హీటర్ వెలిగించిన ప్రతిసారీ దాని పొగ బయటికి పోయే దారి లేక ఇంట్లోకే తిరిగి వచ్చేది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనుషులు పోతారు. అత్తయ్య మధ్యాహ్నం పడుకునే గది ఆ వంటింటి పక్కదే. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ పొగ ఇంకే గదిలోనైనా బయటపడుతోందా అని కూడా చూశారు. గొట్టాల మధ్య ఇటుక గోడ పగిలితే ఒకదాని పొగ ఇంకోదాంట్లోకి దూరుతుందట. మాది బాగానే ఉంది. ఆ రోజు సాయంత్రమే హీటర్ దగ్గరా పడకగది దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టించాం. మీ ఇంట్లో గ్యాస్, కట్టె, బొగ్గు, ఆయిల్ ఏది మండించినా, చిమ్నీ జోలికి వెళ్లేముందు ఏ గొట్టం దేనిదో తేల్చుకోండి. పక్కింటితో కలిసిన గోడ అయితే వాళ్ల గొట్టం కూడా అందులోనే ఉండొచ్చు.

మూత పెట్టేటప్పుడే పైనున్న సిమెంటు పగుళ్లు పూడ్చి, చిమ్నీ పైకప్పుని తాకేచోట ఊడిన రేకు మళ్లీ బిగించారు. మంచె ఎలాగూ కట్టారు కాబట్టి అప్పుడే చేయించడం మంచిది. మూత గొడుగులా ఉంటుంది, పక్కల సందులు, పక్షులు దూరకుండా జాలీ.

కింద ఎలా మూయాలన్నదాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. మళ్లీ ఎప్పుడైనా మంట వేసే ఆలోచన ఉన్నవాళ్లకి గాలి నింపి చిమ్నీ గొంతులో బిగించే బుడగలు, ఊలుతో చేసిన బిరడాలు దొరుకుతాయి. అంచుల్లోంచి కొద్దిగా గాలి ఆడుతుంది, అవసరమైతే లాగేయొచ్చు. అది పెట్టినట్టు కనపడేలా దాని తాడో చీటీయో కిందికి వేలాడాలి, లేకపోతే తెలియనివాళ్లెవరో మంట వేస్తారు. మాకు మంట వేసే ఉద్దేశం లేదు, అందుకని గోడ కట్టించాం. కానీ రాతి చట్రాన్ని ముట్టుకోనివ్వలేదు. ఇది నా పట్టుదల. ఇల్లు కట్టినవాళ్లు శ్రద్ధగా చెక్కించుకున్న రాయి, మాకు పనికిరాలేదని పీకేసే హక్కు మాకు లేదనిపించింది. (రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇళ్లకైతే అనుమతి లేకుండా పీకడం కుదరదు కూడా.) తేలికపాటి దిమ్మెలతో, సున్నం కలిపిన మెత్తటి అడుసుతో, చట్రం అంచుకి రెండు అంగుళాలు లోపలికి గోడ కట్టారు. పాత ఇటుకలోకి కొత్త దిమ్మెల్ని గుచ్చలేదు. రేపు ఎవరికైనా తీయాలనిపిస్తే పాతవాటికి దెబ్బ తగలకుండా ఊడిపోతాయి. సిమెంటు గట్టిగా పట్టేస్తుంది, పాత ఇటుకలోని తేమని బయటికి పోనివ్వదు, అందుకే మేస్త్రీ గారు వద్దన్నారు. నేల నుంచి జానెడు ఎత్తులో జాలీ పెట్టారు, పురుగులు రాకుండా వెనక సన్నటి వల.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది పై గది గోడే. మచ్చ ఉన్న చోటే కాకుండా దాని చుట్టూ మరో అడుగు దాకా ప్లాస్టర్ కొట్టేసి, ఇటుక కనపడేలా వదిలేశారు. పొడి బ్రష్షుతో ఉప్పు దులిపేవాళ్లం, కొన్నాళ్లకి మళ్లీ వచ్చేది, మళ్లీ దులిపేవాళ్లం. నీళ్లతో కడగకూడదు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గోడ మందంలో ఒక్కో అంగుళం ఆరడానికి నెల పడుతుందని మేస్త్రీ గారి లెక్క. చూసేవాళ్లకి ఇల్లు సగం కూలినట్టు కనిపించేది, మా వారు ప్రతి వారం "ఇక పూసేద్దామా" అనేవారు. ఆగాం. ఉప్పు రావడం పూర్తిగా తగ్గాక సున్నం ప్లాస్టర్ వేయించి, అది ఆరాక గాలి ఆడే రకం రంగు వేశాం.

ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి. మచ్చ రాలేదు. మసి వాసన పోయింది, బాగా ఉక్కగా ఉన్న రోజున జాలీ దగ్గర ముక్కు పెడితే కొద్దిగా తెలుస్తుంది, అంతే. అత్తయ్య కుర్చీ అక్కడే ఉంది. వీధి తలుపు కింద రబ్బరు పట్టీ కూడా వేయించాక ఆవిడ చలి మాట ఎత్తలేదు. నెలకోసారి జాలీ మీది దుమ్ము తుడుస్తాను, పెద్ద వాన వెలిశాక పై గది గోడ మీద చెయ్యి పెట్టి చూస్తాను. అప్పుడప్పుడు అగరుబత్తి జాలీ దగ్గర పట్టుకుంటే పొగ కొంచెం లోపలికి వంగుతుంది. పెద్దాయన అలాగే ఉండాలన్నారు.

గోడలో చివరి దిమ్మె పెట్టే ముందు ఒక మందపాటి కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపలి గూట్లో మేకుకి తగిలించాను: "పైన ఎడమ చివరి గొట్టం దీనిది, మూత ఉంది. మధ్యది గ్యాస్ హీటర్‌ది, మూయకండి. మూత తీయకుండా ఇక్కడ మంట వేయకండి." కింద తేదీ వేశాను. అదే మాట ఇంటి కాగితాల ఫైల్లో కూడా ఒక కాపీ పెట్టాను.